భయపడాల్సిన చోట అందరూ నవ్వారు

విశాఖపట్నం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. విజువల్ కమ్యూనికేషన్ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం ముగ్గురు స్నేహితులు కలిసి ఒక థ్రిల్లర్ షార్ట్‌ఫిల్మ్ తీశారు. కథ, దర్శకత్వం ఒకరివి, ప్రొడక్షన్ పనులు ఇంకొకరివి. కెమెరా, ఎడిటింగ్ రెండూ ఉత్తరం రాసినవారివే.

కథ ఇది. నర్సింగ్ చదివే అమ్మాయి రాత్రి డ్యూటీ ముగించుకుని, స్నేహితురాలితో కలిసి అద్దెకుంటున్న రెండు గదుల పోర్షన్‌కి వస్తుంది. స్నేహితురాలు ఊరెళ్లింది. కరెంటు పోతుంది. ఇంట్లో ఇంకెవరో ఉన్నారు. మంచం కింద నుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది. ఆమె డాబా మీదికి పరుగెడుతుంది, అతను వెంటపడతాడు. అంతకుముందు ఆ పోర్షన్‌లో అద్దెకున్నవాడే అతనని, ఆ ఇల్లు ఇప్పటికీ తనదేనన్న భ్రమలో ఉన్నాడని చివర్లో తెలుస్తుంది.

నాలుగు రాత్రులు తీశారు. అరువు తెచ్చిన క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, కిట్ లెన్సు. డాబా మీద కొన్ని షాట్లు ఫోన్‌తో. రఫ్ కట్, అంటే తొలి కూర్పు, 14 నిమిషాలు వచ్చింది. క్లాసులో వేస్తే చెయ్యి కనబడగానే అందరూ గొల్లున నవ్వారు. చీకటి షాట్ల నిండా రంగురంగుల గ్రెయిన్స్, ఇసుక చల్లినట్టు చుక్కలు. ట్యూబ్‌లైట్ వెలిగే షాట్లలో నల్లటి పట్టీలు పాకుతున్నాయి. ఫోన్ షాట్లలో మాటకూ పెదవికీ పొత్తు కుదరడం లేదు. ఛేజ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా పరుగెడుతున్నట్టుంది. "నీ కెమెరా వల్లే పోయింది, కనీసం ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) గట్టిగా పెట్టు, కట్స్ స్పీడ్ పెంచు" అంటున్నాడు దర్శకుడు. పది నిమిషాలకు కుదించమన్నారు గైడ్ లెక్చరర్. మిగిలినవి 19 రోజులు, 6,000 రూపాయలు. నటించిన అమ్మాయి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, ఒక్క రోజే రాగలదు. రాత్రి కేకలకు పక్కవాళ్లు గొడవ చేయడంతో ఓనర్ ఇక పగటిపూట మాత్రమే రమ్మన్నారు. మొత్తం మళ్లీ తియ్యాలా, ఉన్నదానితోనే సర్దుకోవాలా, లేక టైటిల్స్‌లోంచి పేరు తీయించుకుని తప్పుకోవాలా అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో రెండు తగువులు ఒకదాంట్లో ఒకటి పడి కలిసిపోయాయి. గ్రెయిన్స్, పట్టీలు, సింక్ ఒక తగువు. భయం పుట్టకపోవడం ఇంకో తగువు. మీ స్నేహితుడు మొదటిదాన్ని చూపించి రెండోది దానివల్లే అంటున్నాడు, మీరూ సగం నమ్మేశారు. గ్రెయిన్స్ చూసి ఎవరూ నవ్వరు, విసుక్కుంటారు. నవ్వారంటే ఆ సంగతి కెమెరాలో లేదు, షాట్ల వరుసలో ఉంది.

ఆ వరుస మీరే రాసి పంపారు, కాబట్టి చెప్పడం తేలిక. తొమ్మిదో నిమిషం దాకా ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని ప్రేక్షకుడికి తెలియదు. అమ్మాయి తాళం తీస్తుంది, చున్నీ తగిలిస్తుంది, అమ్మతో ఫోన్ మాట్లాడుతుంది, నూడుల్స్ వండుకుంటుంది, కరెంటు పోతే కొవ్వొత్తి వెతుకుతుంది. ఎనిమిది నిమిషాల పాటు చూసేవాడు భయపడటానికి మీరు ఇచ్చిన కారణం ఒక్కటీ లేదు. అప్పుడు ఉన్నట్టుండి చెయ్యి, దాంతోపాటు చెవులు పగిలే శబ్దం. ఒళ్లు ఉలిక్కిపడుతుంది, వెంటనే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. ఆ తేలికపాటే నవ్వయింది. ఉలికిపాటు అర సెకను ఉంటుంది. భయం అలా కాదు, అది ముందు నుంచీ లోపల కూర్చుని ఉండాలి. కూర్చోవాలంటే ఆమెకు తెలియనిది ఏదో ప్రేక్షకుడికి తెలిసి ఉండాలి.

దానికి కావలసిన వస్తువు మీ కథలోనే పడి ఉంది, మీరిద్దరూ దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. అతను ఆ ఇల్లు తనదే అనుకుంటున్నాడు కదా? సొంత ఇంట్లోకి చెప్పులతో ఎవడు వెళతాడు? గుమ్మం పక్కన విప్పే వెళతాడు. అమ్మాయి వచ్చేసరికి అక్కడ స్నేహితురాలి పాత చెప్పులు ఒక జత, దాని పక్కన మగవాళ్లవి, కాస్త మట్టి అంటినవి ఒక జత. ఈమె ఫోన్ చూసుకుంటూ తన జత విప్పి లోపలికి పోతుంది. కెమెరా ఆమెతో వెళ్లదు, కిందే ఉండిపోతుంది. మూడు జతలూ నాలుగు సెకన్లు. కట్.

ఈ షాట్ రెండో నిమిషంలో పడితే తర్వాతి ఫుటేజీలో ఒక్క ఫ్రేమ్ మార్చకపోయినా దాని అర్థం మారిపోతుంది. ఆమె అలమర తీస్తే చూసేవాడు బిగుసుకుంటాడు, నూడుల్స్ కలుపుతుంటే ఆమె వీపు వెనకాల తలుపు వైపు చూస్తాడు. ఇప్పుడు విసుగ్గా ఉన్న షాట్లే అప్పుడు పనిచేస్తాయి. పైగా ఇందులో కనిపించేవి పాదాలే. జుట్టు గొడవ లేదు, ఆ అమ్మాయి రాకపోయినా ఫరవాలేదు. అదే చుడీదార్ బాటమ్, అవే చెప్పులు ఉంటే చాలు.

దీనికి మూల్యం ఉంది. చెయ్యి బయటికొచ్చే క్షణంలో ఆశ్చర్యం చచ్చిపోతుంది, ఎందుకంటే మనిషి ఉన్నాడని ఎప్పుడో చెప్పేశారు. మీ స్నేహితుడికి ఆ ట్విస్టే ప్రాణమైతే ఒప్పుకోకపోవచ్చు. అలాంటప్పుడు మొదటి ఎనిమిది నిమిషాలను మూడుకు కోసేసి చెయ్యిని నాలుగో నిమిషంలోకి లాగండి. భయం పెద్దగా ఉండదు కానీ సినిమా చురుగ్గా ఉంటుంది, లెక్చరర్ అడిగిన నిడివీ కలిసొస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది, దీనికి కెమెరా కూడా అక్కర్లేదు. సినిమా మొదటి నుంచీ బాత్‌రూమ్ కుళాయి బొట్టు బొట్టుగా పడే శబ్దం సన్నగా వినిపించనివ్వండి. ఆమె అమ్మతో మాట్లాడుతుండగా ఆ శబ్దం ఆగిపోవాలి. ఆమె పట్టించుకోదు. హాల్లో కొందరు గుర్తుపడతారు, కొందరికి ఏదో తేడాగా అనిపిస్తుంది, కొందరికి అసలు తెలియదు. అందుకే నేనైతే చెప్పుల వైపే మొగ్గుతాను. కథ మాత్రం మీ ఇద్దరిది.

ఏ దారి పట్టినా చెయ్యి షాట్ ఇప్పుడున్నట్టు ఉండకూడదు. మూడు సెకన్లు ఉంచారు, నిండా వెలుతురు వేశారు. చూపించినంతసేపూ అది మీ క్లాస్‌మేట్ చెయ్యే. ముందు ఆమె ముఖం, ఆమె ఏదో చూసింది అన్నట్టు 15 ఫ్రేములు. తర్వాత చెయ్యి, 18 ఫ్రేములకు మించకుండా, కదలిక మొదలయ్యాక కట్ చేసి కదలిక ముగియకముందే బయటికి వచ్చెయ్యాలి. శబ్దం పెంచడం కాదు, ముందున్నదంతా తీసెయ్యండి. చెయ్యికి సెకనున్నర ముందు ఫ్యాన్, పురుగులు, కుక్కల అరుపు అన్నీ మెల్లగా దించేస్తే, తర్వాత నేల మీద గాజు గీసుకున్నంత చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది.

కట్స్ స్పీడ్ పెంచమన్న మాట సగం సినిమాకు సరిపోతుంది. ఆమెకు సంగతి తెలిశాక, అంటే డాబా మెట్ల దగ్గర నుంచి, సెకను రెండు సెకన్ల షాట్లు బాగుంటాయి. అంతకుముందు అలా చేస్తే చూసేవాడికి గదిలో మూలలు వెతుక్కునే వ్యవధి ఉండదు. ఆరు నుంచి పది సెకన్లు షాట్‌ను కొయ్యకుండా ఉంచండి. ఇంకో లోటు కూడా కనిపించింది. కరెంటు పోకముందు గది మొత్తాన్ని చూపించే వైడ్ షాట్ మీ వరుసలో లేదు. మంచం ఎక్కడుందో, తలుపుకు ఎంత దూరమో తెలియకపోతే చీకట్లో ఆమె ఎటు పోతున్నా ఒకటే. రష్‌లో, అంటే తీసిన మొత్తం ఫుటేజీలో వెతకండి, క్లాప్ కొట్టే ముందు కెమెరా ఊరికే తిరుగుతున్న ముక్కల్లో ఒక్కోసారి దొరుకుతుంది.

ఇక మీ స్నేహితుడి మాటలో నిజమున్న చోటికి వద్దాం. 1/60 షట్టర్ (ఒక్కో ఫ్రేముకు సెకనులో అరవయ్యో వంతు తెరిచి ఉండటం), 6400 ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెట్టింది మీరే.

మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు, చౌక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ తెరిచి ఉండే సమయం ఆ మినుకుల్లో పూర్తి సంఖ్యకు సరిపోవాలి. 1/50లో రెండు, 1/100లో ఒకటి పడతాయి. 1/60లో ఒకటీ ముప్పాతికకు కాస్త తక్కువ పడుతుంది, ఆ మిగులే పట్టీ. కెమెరా మెనూలో వీడియో సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా పద్ధతిలో) ఉండిపోయింది కాబట్టే మీకు సెకనుకు 29.97 ఫ్రేములు వచ్చాయి, దానికి అలవాటు ప్రకారం 1/60 పెట్టారు. ఇప్పుడు తియ్యబోయే షాట్లకు కంగారుపడి 25 ఫ్రేములకు మారకండి. పాత ఫుటేజీ అంతా 29.97లో ఉంది, కొత్తది 25లో వస్తే రెండూ కలిసిన చోట కదలిక తడబడుతుంది. ఫ్రేమ్ రేటు అలాగే ఉంచి షట్టర్ ఒక్కటి 1/50కి దించండి, పట్టీలు రావు.

ఉన్న పట్టీల సంగతి. డావిన్సీ రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ మినుకును తీసే డీఫ్లికర్ ఉంది గానీ డబ్బు కట్టిన వెర్షన్‌లోనే, ఉచిత వెర్షన్‌లో వాడితే ఫ్రేము మీద వాటర్‌మార్క్ పడుతుంది. ట్రైపాడ్ మీద తీసిన, కదలిక తక్కువున్న షాట్లకు ఒక పాత చిట్కా సరిపోతుంది. 30 ఫ్రేముల లెక్కలో పట్టీ మూడు ఫ్రేములకోసారి దాదాపు అదే చోటికి తిరిగొస్తుంది. అందుకని క్లిప్‌ను మూడు ట్రాకుల్లో ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండోదాన్ని ఒక ఫ్రేము, మూడోదాన్ని రెండు ఫ్రేములు జరపండి. కింది దానికి ఒపాసిటీ 100, మధ్యదానికి 50, పైదానికి 33. మూడు ఫ్రేములూ సమానంగా కలిసి పట్టీ చాలావరకు మాయమవుతుంది. మనిషి నడిచే షాట్‌కు ఇది పనికిరాదు, నీడలా తోక వస్తుంది. అయినా ట్యూబ్‌లైట్ వెలిగేది కరెంటు పోకముందే కదా, మీరు ఎలాగూ కొయ్యాల్సిన భాగమూ అదే. ముందు కొయ్యండి, మిగిలినవాటికే వైద్యం.

గ్రెయిన్స్‌కు 6400 ఒక్కటే కారణం కాదు. తక్కువ వెలుతురులో తీసి, ఎడిటింగ్‌లో షాడోస్ పైకి లాగారు, అంటే నీడలను వెలుతురు చేశారు. మీ కెమెరా రికార్డు చేసేది 8 బిట్ ఫైలు, చీకటిలో దాచుకున్న వివరం ఏమీ ఉండదు, లాగితే వచ్చేది నాయిసే, అంటే ఆ చుక్కలే. లాగినదంతా వెనక్కి దించి నలుపును నలుపుగా ఉండనివ్వండి. కళ్లను గుచ్చేది వెలుగుల గ్రెయిన్ కాదు, ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు. రిసాల్వ్ కలర్ పేజీలో లమ్ వర్సెస్ సాట్ కర్వ్‌లో ఎడమ చివరను, అంటే నీడల భాగాన్ని, బాగా కిందికి దించితే ఆ చుక్కల రంగు పోయి మామూలు గ్రెయిన్ మిగులుతుంది. ఇంకా కావాలంటే ఒక కొత్త నోడ్ (రంగు దిద్దే ఒక మెట్టు) వేసి దాని కలర్ స్పేస్‌ను వెలుతురునూ రంగునూ విడదీసే ల్యాబ్‌కు మార్చండి, ఛానల్స్‌లో వెలుతురును మోసే ఒకటో ఛానల్ ఆపేసి, బ్లర్ రేడియస్ 0.50 నుంచి 0.60 దాకా పెంచండి. వివరం చెదరకుండా రంగు మరకలే కరుగుతాయి. ఇవన్నీ ఉచిత వెర్షన్‌లో ఉన్నవే. అసలైన నాయిస్ రిడక్షన్‌కు మాత్రం పెయిడ్ వెర్షన్ కావాలి.

ఫోన్ షాట్ల సింక్ జారడం వేరే జబ్బు. ఫోన్ ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచదు, చీకట్లో తనంతట తానే తగ్గించుకుంటుంది. క్లిప్ మొదట్లో సరిగా ఉండి చివరికి వచ్చేసరికి జారుతోందని రాశారు చూడండి, అదే దాని గుర్తు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పులన్నిటినీ 29.97, కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి, క్వాలిటీ ఆర్ఎఫ్ 16 దగ్గర మార్చుకుని మళ్లీ టైమ్‌లైన్‌లోకి తెండి. ఇందుకు ఒక సాయంత్రం చాలు.

ఛేజ్‌లో ఆమె ఎడమ నుంచి కుడికి, అతను కుడి నుంచి ఎడమకు పరుగెడుతున్నాడు. మీరు డాబాకు ఆ చివరా ఈ చివరా నిలబడి తీసినట్టున్నారు, పరుగు వెంట ఊహించుకోవాల్సిన గీతను కెమెరా దాటిపోయింది. అతని షాట్లను అడ్డంగా ఫ్లిప్ చేస్తే దిశ కుదురుతుంది. చేసేముందు ఫ్రేమ్ మొత్తం వెతకండి. చొక్కా జేబు కుడివైపుకు మారుతుంది, వాచీ చెయ్యి మారుతుంది, నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు తిరగబడతాయి, మెట్లు వేరే వైపు తేలతాయి. కుదరని చోట ఎవరో ఒకరు సరాసరి కెమెరా మీదికి వచ్చే షాట్ గానీ, కెమెరాకు వీపు పెట్టి పోయే షాట్ గానీ మధ్యలో వెయ్యండి. దానికి కుడీ ఎడమా లేవు, కాబట్టి దాని తర్వాత దిశ మారినా కన్ను ఒప్పుకుంటుంది. అలాంటిది మీ దగ్గర లేదంటే ప్యాచ్‌వర్క్ (విడిగా తీసి అతికించే షాట్లు) జాబితాలో రాసుకోండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మొత్తం మళ్లీ తీస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి. పోయినసారి నాలుగు రాత్రులు పట్టింది. ఆ అమ్మాయి ఒక్క రోజే వస్తుంది, ఓనర్ రాత్రి రానివ్వరు. వేరే ఇల్లు, వేరే నటి వెతికి, తీసి, సర్దుకునేసరికి ఎడిటింగ్‌కూ సౌండ్‌కూ అయిదారు రోజులు కూడా మిగలవు, ఇంకో రఫ్ కట్‌తోనే సబ్మిట్ చేస్తారు. తప్పదనుకుంటే స్క్రిప్టును ఏడు నిమిషాలకు, ఒకే గదికి కుదించాకే దిగండి. ప్యాచ్‌వర్క్ ఏమీ చెయ్యకుండా ఉన్నదాన్ని మాత్రమే కోసుకోవడం ఇంకో కొస. డబ్బు ఖర్చు కాదు, కుళాయి శబ్దం దారిలో పోవచ్చు, కానీ గది వైడ్ షాట్, ఛేజ్‌లో కుడీ ఎడమా లేని న్యూట్రల్ షాట్ లేని లోటు అలాగే ఉంటుంది. మీ పరిస్థితికి ఒక్క పగటి ప్యాచ్‌వర్క్ సరిపోతుందని నా అంచనా, ఎనిమిది నుంచి పది షాట్లు, అంతకు మించి కాదు.

పగలు కాబట్టి కిటికీలు బయటి నుంచి మూసెయ్యాలి. నల్ల పాలిథిన్ రెండు పొరలు, అంచులకు టేపు. దుప్పట్లు కడితే సందుల్లోంచి గీతలు గీతలుగా వెలుతురు వస్తుంది. గదికి సున్నం తెల్లగా ఉందన్నారు, మీ చీకటి చదునుగా రావడానికి అదే కారణం. చిన్న గదిలో తెల్లగోడ ప్రతి దీపాన్నీ గది నిండా చిమ్ముతుంది. నల్లగుడ్డ ఆరేడు మీటర్లు కొని, కెమెరాకు కనబడని గోడల మీద వేలాడదియ్యండి, ముఖంలో ఒక పక్క నీడ అప్పుడు నిలుస్తుంది. దీపం ఎప్పుడూ కెమెరా పక్క నుంచి రాకూడదు. ఆమెకు వెనక వైపో పక్కకో, కిటికీ ఉన్న దిక్కు నుంచి 9 వాట్ల కూల్ వైట్ బల్బు ఒకటి పెట్టి, కెమెరా వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర ఉంచితే నీలంగా వెన్నెలలా పడుతుంది. చీకటి పక్క మరీ మసకబారితే ఒక తెల్ల థర్మాకోల్ షీటు దూరంగా పట్టుకోండి. కొవ్వొత్తి పట్టుకున్న షాట్‌కు, కనబడే కొవ్వొత్తికి తోడు అదే దిక్కున ఫ్రేమ్ బయట ఇంకో మూడు వెలిగించాలి, నల్లగుడ్డకు దూరంగా, పక్కన బకెట్ నీళ్లతో. ఐఎస్ఓ 1600 దాటకండి. తెర మీద కావలసినదానికంటే ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురుగా తీసి డీఐలో (రంగులు, వెలుతురు సరిచేసే దశలో) దించుకోండి. దించితే నాయిస్ దాక్కుంటుంది.

ఫోకస్ పోయిన క్లోజప్‌ల గురించీ రాశారు. 50 ఎంఎం లెన్సును ఎఫ్ 1.8లో, అంటే పూర్తిగా తెరిచి పెడితే మీటరున్నర దూరంలో ఫోకస్‌లో నిలిచే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లు. మనిషి ఊపిరి తీసినా దాటిపోతుంది. కాస్త మూసి ఎఫ్ 2.8 పెడితే తొమ్మిదిన్నర దాకా వస్తుంది. ఆటోఫోకస్ ఆపేసి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఆమె అక్కడే ఆగేలా చూడండి.

జుట్టుకు సవరం ఉంది. సినిమాలో జడే కాబట్టి ఎదురుగా, ఒక పక్కగా తీసినంతవరకు ఎవరూ కనిపెట్టలేరు. వీపు మీద క్లోజప్ మాత్రం వద్దు. డాబా షాట్లను పగటి ఎండలో తీసి రాత్రిలా మార్చాలనుకోకండి. తెల్ల పిట్టగోడ, పైన ఆకాశం, ఎంత దించినా ఎండ ఎండలాగే ఉంటుంది. సూర్యుడు దిగిన తర్వాత ఇరవై నిమిషాలు డాబా మీదికి అనుమతి ఇమ్మని ఓనర్‌ను అడిగి చూడండి, కేకలు ఉండవని ముందే చెప్పండి. ఆ ఇరవై నిమిషాల్లో వెలుతురు క్షణక్షణం పడిపోతుంది కాబట్టి వైడ్ ముందు, క్లోజప్ ఆఖరున. క్లోజప్‌కు దీపం పెట్టుకోవచ్చు, డాబా మొత్తానికి పెట్టలేరు.

కేకలు తర్వాత డబ్బింగ్‌లో. ఇంటి దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు, పైగా శుభ్రంగా వస్తాయి. బట్టలు కిక్కిరిసి ఉన్న బీరువా తలుపులు తెరిచి, దాని ముందు నిలబెట్టి, వెనక దుప్పటి కట్టి, వెయ్యి రూపాయల లోపు దొరికే తీగ కాలర్ మైకుతో 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చెయ్యండి. మాటల శిఖరాలు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఉండాలి. కేకకు మైకు మూరెడు వెనక్కి. అదే ఇంట్లో అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి నిమిషం పాటు ఖాళీ గది శబ్దం తీసుకోవడం మరవకండి. డబ్బింగ్ మాట అతుకులా వినబడేది దాని కింద ఆ గది శబ్దం లేకపోవడం వల్లే. చెప్పుల చప్పుడు, తాళం, గడియ, గిన్నె మీద గరిటె ఇవన్నీ విడిగా మైకు దగ్గర తియ్యండి. ఆర్‌ఆర్‌కు మీ స్నేహితుడు ఏవో సినిమాల ముక్కలు పెట్టాడన్నారు. క్లాసులో నడుస్తుంది, యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, ఫెస్టివల్‌కు అసలు పంపలేరు. అతనికి ఇష్టమైన గుంయ్‌మనే డ్రోన్ (ఆగకుండా మోగే స్వరం) ఒక్క పొర చాలు, అది కూడా మరీ లోతైన స్వరంలో మాత్రమే ఉంటే ల్యాప్‌టాప్, ఫోన్ స్పీకర్లు పలకలేవు, సెమినార్ హాల్ స్పీకర్లు అదే శబ్దానికి అదిరిపోతాయి. రెండు చోట్లా విని లెవెల్ పెట్టండి. బొమ్మదీ అంతే. ప్రొజెక్టర్ నలుపును బూడిదగా చూపిస్తుంది, గదిలో దీపం ఉంటే మరీను. సబ్మిషన్‌కు ముందు ఒక్క రెండు నిమిషాల ముక్క ఆ హాల్లో వేసి చూసుకుంటే ముఖాలు ఎంత పైకి ఎత్తాలో తెలుస్తుంది.

స్నేహితుడితో ఎలా మాట్లాడాలి అన్నది ఉత్తరంలో అడగలేదు గానీ, నాలుగు పేజీల్లో రెండున్నర అదే. అతను దర్శకుడు. చెప్పులు చూపించాలా దాచాలా అనేది అతని నిర్ణయమే అవుతుంది, దాన్ని లాక్కుంటే రేపు ఏ కట్ వచ్చినా నీదంటే నీదని వాదన. పట్టీలు, సింక్, ఫోకస్ మీ శాఖ, అక్కడ మీ మాటే చెల్లాలి. ముందు మీరే వెళ్లి షట్టర్, ఐఎస్ఓ నా పొరపాటు అని చెప్పెయ్యండి. అతను చేతిలో పట్టుకు తిరుగుతున్న రాయి అదొక్కటే, అది దింపుకుంటాడు. తర్వాత రెండు కట్‌లు కట్టండి, ఒకటి చెప్పులతో, ఒకటి అతను కోరిన ట్విస్ట్‌తో, రెండూ పది నిమిషాల లోపే. చెప్పుల షాట్ ఇంకా తియ్యలేదు కాబట్టి ప్రస్తుతానికి మీ ఇంటి గుమ్మం దగ్గర ఫోన్‌తో తీసి పెట్టుకోండి. మొదటిసారి ఇద్దరూ సౌండ్ లేకుండా చూడండి. కాగితం మీద రెండు గళ్లు గీసి, ప్రతి నిమిషానికీ ఆమెకు ఏం తెలుసు, చూసేవాడికి ఏం తెలుసు అని రాసుకోండి. రెండు గళ్లలోనూ ఒకటే ఉన్న నిమిషాలు వరసగా ఎక్కడ పడ్డాయో అక్కడ సినిమా నిద్రపోతోంది. అప్పటికీ తేలకపోతే ఇంతవరకు చూడని నలుగురిని పిలిచి, వాళ్ల వెనకాల కాక పక్కన కూర్చోండి. ఫోన్ ఎప్పుడు తీస్తారో గమనించండి. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు.

తేదీలు ఇలా వేసుకోవచ్చు. మొదటి నాలుగు రోజులు కోత, ఆరో రోజుకు ఏ కట్ అన్నది తేలాలి, ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ప్యాచ్‌వర్క్, పన్నెండున పిక్చర్ లాక్. లాక్ అన్నాక ఒక్క షాట్ కూడా జరపకూడదు, ఎందుకంటే ఆ తర్వాత జరిపిన ప్రతి ఫ్రేముకూ శబ్దాలన్నీ మళ్లీ జరపాలి. పన్నెండు నుంచి పదహారు సౌండ్, డీఐ. ప్రాజెక్టు ఫైలూ రష్షూ రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి మీ స్నేహితుడి దగ్గర.

పేరు తీసేయించుకోవడం గురించి. ఇది మార్కులున్న ప్రాజెక్టు, వైవాలో కెమెరా ఎవరిదని అడిగితే చెప్పుకోవడానికి మీకు మిగిలేది ఏమీ ఉండదు, తర్వాత షోరీల్‌లో (మీ పని చూపించుకునే వీడియోలో) వాడుకోవడానికీ ముఖం చెల్లదు. మధ్యలో వదిలేస్తే ఆ టైమ్‌లైన్ అర్థం చేసుకోవడానికి ఇంకొకరికి వారం పడుతుంది, ఆ వారం మీ ముగ్గురి దగ్గరా లేదు. ఉండిపోతే ఇంకో పక్షం రోజులు అతని మాటలు పడాలి, అదీ నిజమే. పేర్ల కార్డు ఎలాగూ ఆఖర్న టైపు చేసేది. ఆ పని పదిహేడో రోజుకు పెట్టుకోండి.